సవతి బిళ్ళ

బాన్సువాడ బస్టాండు ఎదుట గడియారాలు బాగుచేసే శివప్రసాద్, ఐదు నిమిషాల పనికి రెండు రోజులు పడుతుందని సోమవారం పొద్దున పచ్చి అబద్ధం చెప్పాడు.

వచ్చినామె పేరు సంగీత. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వర్ని దారిలోని ఒక ఊరు. కొంగు ముడి విప్పి, పసుపు మరకల దూది తీసి, దూదిలోంచి ఒక బంగారు బిళ్ళను గాజుబల్ల మీద పెట్టింది.

"కొండి ఇడిసిపోయిందన్నా. జర ఒత్తియ్యి. కంసాలి కాడికి పోతే బిళ్ళనే మారుస్తడేమోనని నీ కాడికొచ్చిన."

కొండి అంటే తాడుకు తగిలించే సన్న తీగె. చిమటాతో పట్టి ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పని. శివప్రసాద్ కంటికి భూతద్దం బిగించుకుని బిళ్ళను దగ్గరికి తీసుకున్నాడు. పసుపూ కుంకుమా గట్టిపడి సందులన్నీ పూడిపోయి ఉన్నాయి. పుల్లతో ఒక పక్క గీకాడు. ముందు ఒక ఆడమనిషి ముఖం బయటపడింది. పక్కకు తిరిగిన ముఖం, నిలువు ముక్కు, జడలన్నీ పైకి చుట్టి నెత్తిన ముడివేసి, ఆ ముడికి పూసల వరస. ఇంకొంచెం గీకాడు. అంచు వెంట అక్షరాలు. ఎఫ్. ఏ. ఆ తరువాత యు ఉండాల్సిన చోట వి. ఎస్. టి.

పుల్ల చేతిలోంచి జారిపోయింది.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాడు.

"నా సవతిది," అంది సంగీత, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా.

మొదటి భార్య పోయాక రెండో భార్యగా వచ్చిన మనిషి, పుస్తెలతో పాటు పోయినామె పేరున ఒక బంగారు బిళ్ళ మెడలో వేసుకోవడం ఈ పక్క ఆనవాయితీ. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టాలి. కొత్త చీర కడితే ముందు దానికి చూపించాలి. పండగపూట మొదటి ముద్ద దాని పేరున తీయాలి. లేకపోతే పోయినామెకు కోపమొస్తుంది. వర్ని పక్క, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో పుట్టి ముప్పై ఏళ్ళుగా బాన్సువాడలోనే ఉంటున్నా, అలాంటి బిళ్ళను శివప్రసాద్ చేతిలోకి తీసుకుని చూడటం ఇదే మొదలు.

"మా అవ్వ ఇచ్చింది," అంది సంగీత. "అంటే నన్ను కన్న అవ్వ గాదు. గామె నా చిన్నతనంలనే పాయె. సవతిని కన్న అవ్వ, హీరాబాయి. మద్నూర్‌ల ఉంటది. బిడ్డ పోయినంక నన్నే బిడ్డనుకున్నది. నాకు పుట్టిల్లంటే ఇగ గామెనే. గురువారం వచ్చి ఒడిబియ్యం పోస్తది. గా లోపట గిది మెడల పడాలె."

ఇప్పుడే నొక్కి ఇచ్చేస్తే ఇక దీన్ని మళ్ళీ చూసేది లేదు. శివప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. "తీగె అరిగిపోయింది. కొత్తది వెయ్యాలి. బుధవారం రండి."

"గింత కొండికి రెండొద్దులా?"

"అవునమ్మా."

సంగీత, ఖాళీ తాడుతో ఇంటికి పోతే అత్త ఊరుకోదని, ఎదుటి కిరాణంలో పసుపు కొమ్ము కొనుక్కొచ్చి, అక్కడే బల్ల పక్కన నిలబడి బిళ్ళ చోట కట్టుకుంది. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

*

ఆమె వెళ్ళగానే శివప్రసాద్ షట్టర్ సగానికి దించాడు.

అతని దగ్గర పదకొండు రోమ్ నాణేలున్నాయి. పాత గడియారాల పెట్టెలో, ఒక్కోటీ ఒక్కో కాగితం పొట్లంలో, పొట్లం మీద రాజు పేరు, ఏలిన సంవత్సరాలు. పోస్టులో తెప్పించుకున్న రాగివి ఎక్కువ, అరిగి గుండీల్లా అయిపోయినవి. ఏ రాజు తరువాత ఏ రాజో అతనికి కంఠతా వచ్చు. ఎవరు ఎవర్ని చంపించారో, ఎవరు ఎవర్ని దత్తత తీసుకున్నారో, సొంత చుట్టాల సంగతికంటే బాగా తెలుసు. ఏం లాభం? బాన్సువాడలో అది వినేవాడేడీ? పెళ్ళి కుదరక కుదరక వయసు దాటిపోయింది. ఒక గ్లాసు బియ్యం వండుకుంటాడు, తింటాడు, గిన్నె కడిగి బోర్లిస్తాడు. పండగలకు క్యాంపుకు పోతే అన్నావదినలు వరి ధర గురించి మాట్లాడతారు, తను వింటాడు. తన మాట ఎత్తుకుంటే వాళ్ళు ఫోన్లు చూసుకుంటారు.

ఫోన్‌లో నాణేలవాళ్ళ గ్రూపొకటి ఉంది. నాలుగు వందల మంది. పోయినేడు అందులో ఒక వెండి నాణెం ఫోటో పెట్టి, ఇది అగస్టస్‌ది అని ఉబ్బిపోతూ రాశాడు. అది ఎక్కడో మ్యూజియం బయట పిల్లలకు అమ్మే అచ్చు బొమ్మ అని తేలింది. ఆ రోజు నుంచి గ్రూపులో అతని పేరు 'బాన్సువాడ సీజర్'. సరదాకే అంటారు, నిజమే. కానీ అంత సరదా అతనికి లేదు.

అందుకే ఈసారి తొందరపడలేదు. బిళ్ళను గోరువెచ్చని నీళ్ళలో వేసి, మెత్తని కుంచెతో పసుపు వదిలించాడు. చిన్న త్రాసు మీద పెట్టాడు. ఆరు గ్రాముల తొమ్మిది వందల మిల్లీలు. రెండు చిల్లులు పడ్డ బంగారానికి, అరుగుదల కలుపుకుంటే, సరిగ్గా ఎంత తూగాలో అంతే. అంచును వేలి మీద నిలబెట్టి చుట్టూ తిప్పి చూశాడు. పోతపోసిన వస్తువుకు అంచున గీత ఉంటుంది, దీనికి లేదు. పోతలో గాలి బుడగల గుంటలుంటాయి, దీనికి లేవు. అక్షరాల మొదళ్ళు పదునుగా, సుత్తిదెబ్బకు బంగారం పారిన జాడతో ఉన్నాయి. వెనక వైపు దివిటీ పట్టుకుని నిలబడ్డ దేవత. ముందు వైపు మొదటి మాట 'డివా'. అంటే చనిపోయి దేవతైన మనిషి.

ఫౌస్తీనా. ఆంటోనినస్ చక్రవర్తి భార్య. ఆమె పోయాక ఆయన ఆమె పేరున కొట్టించిన నాణెం. పద్దెనిమిది వందల ఏళ్ళ పైమాట. మిరియాలకో, బట్టలకో ఓడెక్కి వచ్చి, చేతులు మారి మారి, ఎవరో చిల్లులు పొడిస్తే మెళ్ళో చేరి, ఇదిగో, గడియారం సెల్లుల మధ్యన పడుకుని ఉంది.

నాలుగు ఫోటోలు తీశాడు. బరువు, కొలత రాశాడు. కింద ఫౌస్తీనా అని రాయడానికి అరగంట వెనకాముందాడి, కళ్ళు మూసుకుని గ్రూపుకు పంపేశాడు.

మంగళవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. పూనాలో ఉండే ముసలి ప్రొఫెసరు. గ్రూపులో ఆయన మాటంటే మాటే. 'అసలుది. సందేహం లేదు. మీరు చదివింది అక్షరం అక్షరం సరి. ఆదివారం హైదరాబాద్ వస్తున్నాను. దారి మళ్ళించుకుని మీ ఊళ్ళో దిగుతాను. నాణెం చూడాలి, మీతో కూర్చుని మాట్లాడాలి.'

మీతో కూర్చుని మాట్లాడాలి. శివప్రసాద్ ఆ మాటను ఆరుసార్లు చదువుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, దుకాణంలో తన స్టూలు తప్ప కూర్చోడానికి ఇంకోటి లేదని. దుకాణం పెట్టిన ఇరవై రెండేళ్ళలో ఎవరూ కూర్చోడానికి రాలేదు మరి. గబగబా పోయి ఒక కుర్చీ కొన్నాడు. రెండు పింగాణీ కప్పులు కూడా కొన్నాడు. సంతోషం పట్టలేక చాయ్ బండి రెడ్యాకు ఫోన్ చూపించాడు.

రెడ్యా ఫోటోను దగ్గరికి లాక్కుని చూసి, "ఎంతొస్తదన్నా?" అన్నాడు.

"అమ్మేది కాదు రెడ్యా."

"మరెందుకే?" అని రెడ్యా గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు.

*

బుధవారం సంగీత వచ్చేసరికి కొండి నొక్కి, బిళ్ళను మెరిసేలా తుడిచి ఉంచాడు. అది చేతిలో పెట్టి పంపిస్తే సరిపోయేది. ఆ మాట తరువాత అతను తనలో తాను చాలాసార్లు అనుకున్నాడు. కానీ నోరు ఆగలేదు. మూడు రోజులుగా కడుపులో పెట్టుకున్నది, వినే మనిషి ఎదురుగా కనిపించేసరికి తన్నుకొచ్చింది.

"కూర్చోమ్మా. మీకొకటి చూపించాలి."

కొత్త కుర్చీలో మొదట కూర్చున్నది సంగీత. భూతద్దం ఆమె కంటికి ఎలా బిగించుకోవాలో చూపించాడు. ఆమె ఒక కన్ను మూసి, మెడ వంచి, ఊపిరి బిగబట్టి చూసింది.

"అమ్మో! ముక్కు ఎంత సక్కగున్నదే తల్లీ! గీ పూసలు గూడ కనవడుతున్నయి."

అతను చెప్పుకుపోయాడు. రోమ్ గురించి, ఓడల గురించి, చనిపోయిన రాణి గురించి. మధ్య మధ్య ఆమె ఆపి అడిగింది. గంత దూరం నుంచి గీడికా? మన దిక్కు నుంచి ఏం కొనుక్కపోయిన్రు? అడిగినకొద్దీ అతనికి ప్రాణం లేచొచ్చింది. జన్మలో ఎవరైనా ఇలా అడిగారా?

ఉన్నట్టుండి ఆమె భూతద్దం తీసేసింది. "అయితే గీమె నా సవతి గాదా?"

"కాదమ్మా. మీ సవతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

సంగీత కుర్చీలో వెనక్కి ఆనుకుంది. తరువాత నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "ఐదేండ్ల సంది భయపడుకుంట బతికిన అన్నా. తలకాయ నొస్తే గీమెకు కోపమొచ్చిందంటది మా అత్త. కడుపు పండకపోతే గీమె పండనిస్తలేదంటది. గింతకు గీమె ఎవరో రాణి అన్నట్టు!"

"ఆదివారం పూనా నుంచి పెద్దాయన వస్తున్నారు. ఒక్కసారి చూపించడానికి తీసుకురావచ్చా మీ ఇంటికి?"

"తీస్కరా. చాయ్ పెడత," అంది సంగీత. బిళ్ళను తాడుకు వేసుకుని, పసుపు కొమ్మును బల్ల మీదే వదిలేసి, తేలిగ్గా నడుచుకుంటూ పోయింది. శివప్రసాద్ ఆ పూట ఇంకే పనీ ముట్టుకోలేదు. ఎంత బాగుంది ఆ రోజు!

*

గురువారం పన్నెండు దాటాక ఒక ముసలామె దుకాణం ముందుకొచ్చి నిలబడింది. గోచీ పోసి కట్టిన చీర, చంకలో తెల్లటి గుడ్డమూట. మూట కొసన ఎండుకొబ్బరి కుడుకలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి.

"గడియారాల సారువు నువ్వేనా? నేను హీరాబాయిని. మద్నూర్."

శివప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"సంగీత వాళ్ళింటి కాంచెల్లి వస్తున్న. వాళ్ళత్త భూమవ్వ నన్ను గడప దాటనియ్యలే." ఆమె గొంతు పెంచలేదు. "నీ బిడ్డ గా బిళ్ళల లేనే లేదట, ఎవరో దొరసాని అట, గడియారాల సారు అద్దం పెట్టి చూసి పిల్లకు చెప్పిండట, ఇగ నీకు మా ఇంట్ల ఏం పని అన్నది. ఐదేండ్ల సంది ఒడిబియ్యం పోసుడని వచ్చి మా ఇంట్ల పెట్టుడు చీరలు దోచుకుంటివి అన్నది. పిల్ల తలుపు ఎన్కకు నిలవడి ఏడుస్తుండె. అల్లుడు పండరి చెరుకు కొట్టనీకె పోయిండు."

అతని చెవులు కాలిపోయాయి. కుర్చీ జరిపాడు, నీళ్ళిచ్చాడు. "నేను అబద్ధం చెప్పలేదమ్మా," అన్నాడు.

"అబద్ధమని నేనన్ననా?" హీరాబాయి నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "నా బిడ్డ ప్రవళికది నా ముక్కే, సప్పిడి ముక్కు. గా బిళ్ళల ఉన్నామెది కోటేరు ముక్కు. కన్నదాన్ని, నా బిడ్డ మొఖం నాకు తెల్వదా? అది మా అమ్మమ్మ మెడల కాసుల పేరుల నుంచి తెంపిన బిళ్ళ. పిల్ల మెడల ఏసిననాడే నాకెరుక, దాంట్ల ప్రవళిక లేదని."

"మరి ఎందుకు వేశారు?"

ఆమె అతన్ని వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "పోనీకె ఒక ఇల్లుండాలె గద సారు. నా మొగడు లేడు, బిడ్డ లేదు. ఏడాదికొక్కపారి ఒకరు 'అవ్వా' అని ఎదురొస్తరు. గంతే."

శివప్రసాద్ షట్టర్ దించి, ఆమెను ఎక్కించుకుని సంగీత ఊరికి బండి తీశాడు.

*

దారంతా చెరుకు ట్రాక్టర్లు. వాటి వెనక నెమ్మదిగా పోతూ, ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాడు. వెనక హీరాబాయి ఒక చేత్తో మూట, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని కూర్చుంది.

భూమవ్వ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. హీరాబాయి గడప బయటే నిలబడిపోయింది. శివప్రసాద్ లోపలికి పోయి, చెప్పులు విడిచి, నిజమే చెప్పాడు. నిజంలోనే దారి ఉందనుకున్నాడు పాపం.

"ఆ రాజుకు భార్య అంటే ప్రాణమమ్మా. ఆమె పోతే ఆమె గుర్తుగా ఈ బిళ్ళ కొట్టించాడు. పోయిన ఇల్లాలి పేరున చేసిందే ఇది. మీ ఆనవాయితీ ఎలాంటిదో అదీ అలాంటిదే."

భూమవ్వ చేతిలో మిరపకాయ ఆగిపోయింది. "ఏందీ? ఎవని పెండ్లామో సచ్చిపోతే కొట్టించిన బిళ్ళనా? గది నా కోడలు మెడలనా? ఓ సంగీతా! తీసి పారెయ్యే దాన్ని ముందుగాల!"

సంగీత తలుపు దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. బిళ్ళను గుప్పిట్లో బిగించి పట్టుకుంది కానీ తీయలేదు. ఆమె చూపు అత్త మీద లేదు, శివప్రసాద్ మీద లేదు, గడప బయట మూట దింపకుండా నిలబడ్డ మనిషి మీద ఉంది.

శివప్రసాద్ జేబులోంచి భూతద్దం తీశాడు. "ఒక్కసారి ఇటివ్వమ్మా. మళ్ళీ చూస్తాను."

సంగీత తాడు నుంచి విప్పి ఇచ్చిన బిళ్ళను వాకిట్లో ఎండలో నిలబడి చూశాడు. ఎండకు ఫౌస్తీనా వెలిగిపోయింది. జడల పాయలు, పెదవి చివర చిన్న నీడ, అక్షరం అక్షరం. బతుకులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి తను సరిగ్గా చదివిన ముఖం. ఎంతసేపు చూశాడో తెలియదు.

"పొరపాటు పడ్డాను," అన్నాడు.

"ఏంది?"

"ఇవి అక్షరాలు కావు, నగిషీ. పసుపు అడ్డం పడి అలా కనబడ్డాయి. ఇది రోమ్‌దీ కాదు, ఏమీ కాదు. ఇటు పక్క కంసాలి చేసిందే. ఈ పని నాకు అంతగా రాదమ్మా, పోయినేడు కూడా ఇలాగే తప్పు చెప్పి నవ్వులపాలయ్యాను. ఇందులో ఎవరున్నారో కన్నతల్లికి తెలుస్తుంది కానీ నాకేం తెలుస్తుంది?"

భూమవ్వ ముఖంలో రంగు మారిపోయింది. ఒక చేత్తో నోరు మూసుకుంది. మిరపకాయల చేతిని చీరకు తుడుచుకుని వచ్చి, బిళ్ళను లాక్కుని కళ్ళకద్దుకుంది. "నోరు జారిన తల్లీ ప్రవళికా! ముసలిదాన్ని, ఏమనకు బిడ్డా!" అంతలోనే బయటికి తిరిగి, "ఒదినే, గడపల నిలవడ్డవేంది? లోపటికి రా," అంది. ఆ తరువాత శివప్రసాద్ మీద విరుచుకుపడింది. "గడియారాలు చూస్కునేటోనికి గివన్ని ఎందుకయ్యా? పచ్చని ఇల్లు ఆగం జేస్తివి గద!"

"తప్పే," అన్నాడు శివప్రసాద్.

సంగీత బిళ్ళను మళ్ళీ తాడుకు తగిలించుకుంది. అతని కళ్ళలోకి సూటిగా చూసింది. నిన్న ఒక కన్ను మూసి పూసలు లెక్కపెట్టిన మనిషి, ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారి తల ఊపి, పీట వేసుకుని కూర్చుని కొంగు పట్టింది. హీరాబాయి మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో పోసింది. ఐదో దోసిలి దగ్గర నాలుగు గింజలు జారి నేల మీద పడ్డాయి. సంగీత వంగి ఒక్కొక్క గింజనూ ఏరి ఒడిలో వేసుకుంది.

*

నాలుగింటికి హీరాబాయిని, భూమవ్వ మిరపకాయలు పోసిచ్చిన సంచితో సహా, బస్టాండులో దింపాడు. మద్నూర్ బస్సు ఇంకా రాలేదు. ఒక్కదాన్నే వదలడానికి మనసొప్పక పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

ఆదివారం ప్రొఫెసరు వస్తే నాణెం చూడాలంటాడు. ఆ ఇంటికి తీసుకుపోవాలి. పేపర్లో వేస్తారు. మళ్ళీ మొదటికొస్తుంది. శివప్రసాద్ ఫోన్ తీశాడు. 'కాపీ అని తేలింది. నా పొరపాటే. దయచేసి ఆదివారం శ్రమ పడొద్దు.' పంపాడు.

నిమిషంలో నవ్వు బొమ్మలు వరసకట్టాయి. 'సీజర్ మళ్ళీ వచ్చాడు' అన్నారెవరో. కాసేపటికి ప్రొఫెసరు రాశాడు. 'ఫోటోలు చూసి చెప్పడం నా తప్పు. మరెప్పుడైనా కలుద్దాం.' శివప్రసాద్ దాన్ని ఒక్కసారే చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. యాభై నాలుగేళ్ళ మనిషి బస్టాండులో ఏడిస్తే బాగుండదని చెరుకు ట్రాక్టర్లను చూస్తూ కూర్చున్నాడు.

"సారూ, గామె పేరేంది?" అంది హీరాబాయి.

"ఎవరి పేరు?"

"నా బిడ్డ జాగల గిన్నేండ్లు ఉన్నది గద. గామె."

అతను తల తిప్పి చూశాడు. ఆమె ఎగతాళికి అడగడం లేదు.

"ఫౌస్తీనా."

"ఫవుస్తినా." నోటికి సరిగ్గా రాక రెండుసార్లు అనుకుంది. "పిల్లలున్నరా?"

"నలుగురు పుట్టారమ్మా. ముగ్గురు పోయారు. ఒక్క ఆడపిల్ల దక్కింది."

"ఒక్కతన్న దక్కింది." హీరాబాయి నిట్టూర్చింది. "మొగడు మళ్ళ చేస్కున్నడా?"

"పెళ్ళయితే చేసుకోలేదు."

మద్నూర్ బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు. కండక్టరు "మద్నూర్, మద్నూర్" అని అరుస్తున్నాడు. శివప్రసాద్ లేచి, ఆమె సంచి అందుకున్నాడు.

హీరాబాయి లేవలేదు. కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుని, కొంగు సర్దుకుంది.

"కూసో సారూ. ఇంకో బస్సు ఆరింటికున్నది. గామె సంగతి మొదటి కాంచెల్లి చెప్పు."

బస్సు కదిలి పోయింది. శివప్రసాద్ సంచి కింద పెట్టి కూర్చున్నాడు.

"రోమ్ అని ఒక పట్నం ఉందమ్మా," అన్నాడు.